అధ్యక్షుల వారి అనుమతితో

జిల్లా ఎడిషన్ రోజూ చదివేవాళ్లకు ఒక సంగతి తెలుసు. ఈ భూమ్మీద సమావేశాలు మూడే రకాలు: మొక్కుబడిగా సాగినవి, వాడివేడిగా సాగినవి, రసాభాసగా ముగిసినవి. ఎవరూ నోరు విప్పకపోతే మొదటిది. ఇద్దరు విప్పితే రెండోది. మూడోవాడు మైకు గుంజుకుంటే మూడోది. ‘సమావేశం పద్ధతిగా జరిగింది, అడిగినదానికి జవాబు దొరికింది’ అని వార్త పంపిన విలేకరి ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఇంకా పుట్టలేదు. పుట్టి పంపినా డెస్కులో ఉన్నవాళ్లు ఫోన్ చేసి, ఒంట్లో బాగుందా అని అడుగుతారు.

మూడు రకాల సభలకూ మినిట్స్ మాత్రం ఒకటే: ‘ఎజెండాలోని అంశములన్నియు సభ్యులు కూలంకషముగా చర్చించి ఏకగ్రీవముగా ఆమోదించడమైనది.’ కుర్చీలు గాల్లోకి లేచిన రోజూ ఇదే వాక్యం. కరెంటు పోయి, చెమటలు కారి, అందరూ అరగంటలో ఇంటిదారి పట్టిన రోజూ ఇదే. అసలు సభే జరగని రోజున ఇదే వాక్యం మరింత గుండ్రని అక్షరాల్లో ఉంటుంది, ఎందుకంటే ఆ రోజు రాసేవాడికి తీరిక ఎక్కువ.

ఆ మినిట్స్ పుస్తకాన్ని దగ్గర్నుంచి చూడాలి. గట్టి అట్ట, వీపుకు గుడ్డ, మూలన చేత్తో వేసిన పేజీ నంబర్లు. పైన తేదీ, స్థలం, అధ్యక్షత వహించినవారి పేరు. కింద సంతకాలు. తీర్మానం అయిపోయిన చోటికీ సంతకాలు మొదలైన చోటికీ నడుమ నాలుగైదు గీతల ఖాళీ ఉంటుంది. దాన్ని నిర్లక్ష్యం అనుకునేవాడు పాలన తెలియనివాడు. అది ముందుచూపు. వచ్చే నెల ఏ బిల్లు పాసు కావాల్సి వస్తుందో ఈ నెల ఎవరికి తెలుసు? మోరీ పూడికతీత బిల్లో, వీధి దీపాల బిల్లో రేపు వచ్చి తలుపు తడితే కూర్చోబెట్టడానికి చోటుండాలి కదా.

సభ్యులు రాని రోజున పుస్తకమే సభ్యుల దగ్గరికి పోతుంది. అటెండరు దాన్ని సంచిలో వేసుకుని బండి మీద బయలుదేరతాడు. ఒకాయన పొలం గట్టు మీద దొరుకుతాడు, ఇంకొకాయన పెళ్లి పందిట్లో బంతిలో కూర్చుని ఉంటాడు. కుడిచెయ్యి ఎంగిలి, అందుకని సంతకం ఎడమ చేత్తో.

‘‘ఏందిది?’’

‘‘మీటింగ్ సార్.’’

‘‘ఎప్పుడు?’’

‘‘అయిపోయింది సార్.’’

‘‘నేనేమన్న మాట్లాడిన్నా?’’

‘‘బలపరిచిన్రు సార్.’’

‘‘సరే తీ.’’

వరుసగా మూడు సమావేశాలకు రాకపోతే సభ్యత్వానికి ముప్పు. ఆ ముప్పు రాకుండా కాపాడుతున్నది ఆ బండీ, అందులోని లీటరు పెట్రోలూ. ప్రజాస్వామ్యం ఎక్కడుందని ఎవరైనా అడిగితే, ఫలానా అటెండరు బండి సైడ్ సంచిలో ఉందని నిస్సంకోచంగా చెప్పొచ్చు.

ఏ ఊరు, ఏ మండలం అని అడగకండి. తొర్రూరు బస్టాండులో నిలబడి వరంగల్ బస్సెక్కినా, ఖమ్మం బస్సెక్కినా, రెండూ దొరక్క ఆటో ఎక్కినా గంటలోపు ఇలాంటి హాళ్లు ఒకటికి నాలుగు తగులుతాయి. గోడ మీద గాంధీ, అంబేద్కర్, వాళ్ల నడుమ ఆగిపోయిన గడియారం. గడియారం ఆగిందని ఎవరూ పట్టించుకోరు. పదిన్నరకు పిలిచిన మండల సర్వసభ్య సమావేశం పన్నెండింటికి మొదలయ్యే చోట దానికి పనేముంది?

మొదలు కావడం కూడా అంత తేలిక కాదు. వేదిక మీద ఎనిమిది కుర్చీలు, ఎక్కాల్సినవాళ్లు పద్నాలుగు మంది. ఫ్లెక్సీలో ఎవరి ఫొటో ఎంత సైజు, ఎవరి పేరు ముందు, ఎవరిని పిలవడం మరిచారు. ‘ప్రొటోకాల్ ఉల్లంఘన’ అని ఒక గొంతు లేస్తుంది. సభా నియమాలన్నిట్లో మనవాళ్లు కంఠస్థం చేసింది ఈ ఒక్కదాన్నే, అదీ ఎంత నిష్ఠగానంటే దాని మీద ఇరవై నిమిషాలు కొట్లాడి, నిరసనగా నేల మీద కూర్చుని, ఫొటో దిగి, మళ్లీ కుర్చీలోకి వస్తారు. తర్వాత శాలువాలు. మూడు నెలలకోసారి కలిసేవాళ్లు ఒకరినొకరు సన్మానించుకోకపోతే గుర్తుపట్టరేమో. చేనేత కార్మికుల పేరు చెప్పి పాలిస్టర్ శాలువా కప్పుతారు. ఉక్కపోతలో దాన్ని కప్పుకుని కూర్చోవడమే ప్రజాసేవ.

ఆ తర్వాత ప్రగతి నివేదికలు. వ్యవసాయం, విద్య, వైద్యం, మిషన్ భగీరథ, ఉపాధి హామీ, పశుసంవర్ధకం. రావాల్సిన అధికారి జిల్లా కేంద్రంలో ఇంకో మీటింగ్‌లో ఉంటారు. ఆయన బదులు వచ్చినాయన ‘నేను కొత్తగా చార్జి తీసుకున్నానండి’ అని మొదలుపెడతారు. ఆయన ఆ మాట మూడు నెలల కిందట కూడా అన్నారు. కాగితంలో అన్నీ శాతాలే. లక్ష్యంలో ఇంత శాతం, సాధించింది ఇంత శాతం. వందకు ఎంత తక్కువైనా ‘త్వరలో’ అనే మాట పూడుస్తుంది. ఎవరూ వినరు, వినడానికి రాయలేదు కూడా.

అప్పుడొక తండా సర్పంచ్ లేస్తాడు. ఐదు వందల జనాభా ఉన్న తండాలను పంచాయతీలు చేశాక సభకు వచ్చిన తరం. కుర్రాడు, ఇంకా వేదిక భాష రాలేదు. ‘‘మా తాన కరెంటు తీగలు చేతికందుతున్నయి సార్. ట్రాక్టర్ల గడ్డి ఏసుకపోతే తగులుతున్నది. పోయిన మీటింగ్ల గూడ చెప్పిన.’’

‘‘నోట్ చేసుకున్నాం’’ అంటారు విద్యుత్ శాఖాయన.

‘‘పోయినసారి గూడ గదే అన్నరు సార్.’’

‘‘పోయినసారి కూడా నోట్ చేసుకున్నాం.’’

హాల్లో నవ్వులు. వేదిక మీద ఉన్న పెద్దమనిషి గంభీరంగా, ‘‘సభా సమయం విలువైనది, ఎజెండాలో లేనివి ఇప్పుడు వద్దు’’ అంటారు. ఆయన అన్నది నిబంధనే. తప్పు పట్టడానికి లేదు. ఎజెండాలో తీగలు లేవు. ఎజెండా చివరన ‘అధ్యక్షుల వారి అనుమతితో ఇతర అంశములు’ అని ఒకటుంది, తీగలు అందులో వస్తాయి. అక్కడికి వచ్చేసరికి పక్క గదిలో భోజనాల మూతలు తీస్తారు. తెలంగాణ పల్లె సమస్యలన్నీ ‘ఇతర అంశములు’లోనే ఉన్నాయి. ఆ అంశం దాకా చేరిన సమావేశాన్ని చూసినవాళ్లుంటే శాలువా కప్పాల్సింది వాళ్లకే.

హెన్రీ రాబర్ట్ అనే అమెరికా సైనిక ఇంజనీరు ఒకాయన ఉండేవాడు. 1863లో న్యూ బెడ్‌ఫర్డ్ అనే ఊళ్లో ఒక చర్చి సభకు ఆయన్ని అధ్యక్షత వహించమన్నారు. నడపడం తెలియదు, సభ రచ్చరచ్చ అయింది. ఆయన సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గుతోనే ఏళ్ల తరబడి చదివి, 1876లో సభా నియమాల పుస్తకం వేశాడు. అమెరికాలో క్లబ్బుల నుంచి కార్మిక సంఘాల దాకా ఇవాళ్టికీ దాన్ని తిరగేస్తుంటాయి. అదే మనవాడైతే సిగ్గుపడేవాడా? మర్నాడు పేపర్లో ‘వాడివేడి’ అని పడిందో లేదో చూసుకుని, పడకపోతే విలేకరికి ఫోన్ చేసేవాడు.

పుస్తకం లావే గానీ అందులో అసలు సరుకు కొంచెమే. ఒకసారికి ఒకే అంశం. ఒకరు ప్రతిపాదిస్తే ఇంకొకరు బలపరచాలి. ఓడిపోబోయేవాడి మాట కూడా ఓటుకు ముందే వినాలి. మెజారిటీకి నియమాలతో పనిలేదు, దానికి చేతులున్నాయి. నియమం కావలసింది ఆ తండా కుర్రాడికి. మనం దాన్ని తీసుకెళ్లి అతని నోటికే అడ్డం పెట్టాం.

‘అవన్నీ తెల్లోళ్ల పద్ధతులు, మనకు సరిపడవు’ అని ఇక్కడ ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అయ్యా, 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ ఈ మాటకు జవాబు చెప్పి పోయారు. గోడ మీద ఆయన ఫొటో ఉంది గానీ, ఆ ప్రసంగం హాల్లోకి ఇంకా చేరినట్టు లేదు. కూర్చునే వరుస దగ్గర్నుంచి తీర్మానం, కోరం, విప్, ఓట్ల లెక్కింపు, రహస్య ఓటు, అభిశంసన దాకా బౌద్ధ సంఘాలకు అన్నీ తెలుసునని ఆయన చెప్పారు. భిక్షువుల సభలో ప్రతిపాదనను ముందు ఒకసారి తెలియజేసి, ముఖ్యమైనదైతే ముమ్మారు అడిగేవారు. ఒప్పుకున్నవాళ్లు మౌనంగా ఉండాలి, ఒప్పుకోనివాళ్లు నోరు విప్పాలి. అభిప్రాయాలు చీలితే పుల్లలు పంచి లెక్కపెట్టేవారు. ఆ పుల్లలు పంచేవాడు పక్షపాతం లేనివాడై ఉండాలి. మనం ఈ సంప్రదాయాన్ని పూర్తిగా వదల్లేదు. మౌనం అంగీకారమని తీసుకుంటున్నాం. అరుపునూ అంగీకారమనే తీసుకుంటున్నాం. గైర్హాజరు కూడా అంగీకారమే. బుద్ధుడికి ఇంత విశాల హృదయం లేకపోయింది.

తమిళనాడులో ఉత్తరమేరూరు గుడి గోడ మీద పరాంతక చోళుడి కాలం నాటి శాసనాలున్నాయి, పదో శతాబ్దం మొదట్లోవి. ఊరి సభకు ఎవరు తగుదురో, ఎవరు తగరో అందులో చెక్కించారు. ముప్పై వార్డులు, కుండలో పేర్ల చీటీలు, తీసేది చిన్నపిల్లవాడు. ముందు పదవిలో ఉండి లెక్కలు అప్పజెప్పనివాడు అనర్హుడు. వాడొక్కడే కాదు, వాడి దగ్గరి చుట్టాలు కూడా. ఈ ఒక్క నిబంధనను మన దగ్గర అమలు చేసి చూడండి. నామినేషన్ల కౌంటర్లో కూర్చున్న ఉద్యోగికి మధ్యాహ్నం దాకా నిద్రే.

మన గడ్డ మీది కథ ఇంకా దగ్గరిది. 1921 నవంబర్ 12న హైదరాబాద్‌లో, వివేకవర్ధిని ఆవరణలో సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కార్వే. ఉర్దూలో, మరాఠీలో, ఇంగ్లీషులో మాట్లాడితే విన్నారు. అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంతో ఆ రాత్రే కొందరు ఒక ఇంట్లో చేరి ఆంధ్ర జనసంఘం పెట్టారు. అదే పెరిగి ఆంధ్ర మహాసభ అయింది, ఆ మహాసభ పల్లెలకు చేరాక ఏం జరిగిందో పాలకుర్తి, విసునూరు, కడవెండి వాళ్లకు నేను చెప్పాల్సిన పనిలేదు. ఒక మనిషిని మాట్లాడనివ్వకపోతే ఎంత దూరం పోతుందో తెలిసిన నేల ఇది. నిజాం సర్కారు కూడా ఆ సంగతి గ్రహించే, సభ పెట్టాలంటే ముందుగా అనుమతి కావాలని గస్తీ 53 అనే ఉత్తర్వు తెచ్చింది. పాపం నిజాం! సభను ఆపడానికి అంత కష్టపడ్డాడు. ఆపకుండా, నివేదికలు చదివించి, శాలువాలు కప్పించి, భోజనం పెట్టించి ఉంటే పనయిపోయేదని ఆయనకు సలహా ఇచ్చినవాళ్లు లేరు.

మండలాలనే ఆడిపోసుకోవడం న్యాయం కాదు. మన రాష్ట్రమే రెండు అరుపుల నడుమ పుట్టింది. 2014 జనవరి 30న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభలో విభజన బిల్లును తిరస్కరిస్తూ ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి పెట్టిన తీర్మానాన్ని సభాపతి నాదెండ్ల మనోహర్ మూజువాణి ఓటుకు పెట్టారు. సభ్యులు తొమ్మిది వేలకు పైగా సవరణలు ఇచ్చి ఉన్నారు. అన్నిటికీ కలిపి ఒకటే అరుపు. పందొమ్మిది రోజులకు, ఫిబ్రవరి 18న, లోక్‌సభలో అదే బిల్లు అదే మూజువాణితో నెగ్గింది. ఐదు రోజుల ముందు అక్కడ లగడపాటి రాజగోపాల్ మిరియాల స్ప్రే కొట్టారు, కళ్లు మండి సభ్యులు బయటికి పరుగెత్తారు. బిల్లు నెగ్గే రోజున మాత్రం ఎవరి కళ్లకూ ఇబ్బంది లేకుండా టీవీ ప్రసారమే ఆగిపోయింది. సాంకేతిక లోపం అన్నారు. అక్కడ అవునన్నవారెందరో, ఇక్కడ కాదన్నవారెందరో తలలు లెక్కపెట్టినవారు లేరు. అరవై ఏళ్ల కొట్లాట, వందల ప్రాణాలు, చివరికి లెక్క తేల్చింది గొంతు. రాష్ట్రం వచ్చిందన్న సంతోషంలో మేమూ అడగలేదు, ఇప్పుడు అడిగితే బాగుండదు. కానీ పుట్టుక అలా అయినదానికి పెంపకం ఇలా ఉండటంలో వింతేముంది?

మన సభ్యులకు సమయపాలన తెలియదనేవాళ్లు మాత్రం అవిశ్వాసం రోజున వచ్చి చూడాలి. 2020 జనవరిలో గెలిచిన మున్సిపల్ పాలకవర్గాల మీద మూడేళ్ల దాకా అవిశ్వాసం పెట్టరాదని చట్టం. ఆ మూడేళ్లను నాలుగు చేస్తూ 2022లో బిల్లు తెచ్చారు, అది గవర్నర్ దగ్గర ఆగింది. 2023 జనవరిలో మూడేళ్లు నిండాయో లేదో రాష్ట్రమంతటా నోటీసుల వాన. ఏడాది తిరిగి ప్రభుత్వం మారాక మళ్లీ ఇంకో వాన. అప్పుడు చూడాలి కోరం! కాలువ గురించి చర్చకు రమ్మంటే జ్వరమొచ్చేవాళ్లు అందరూ ఒకే బస్సులో, ఒకే రిసార్టు నుంచి, ఇస్త్రీ చొక్కాల్లో దిగుతారు. ఫోన్లు వాళ్ల దగ్గరుండవు. దిగేటప్పుడు ఒకాయన తలుపు దగ్గర నిలబడి తలలు లెక్కపెడతాడు. పార్లమెంటులో జరగని లెక్కింపు బస్సు మెట్ల మీద పకడ్బందీగా జరుగుతుంది. హాల్లోకి వచ్చి చేతులెత్తుతారు, చర్చ ఉండదు. చర్చంతా వారం రోజులుగా ఈతకొలను పక్కన అయిపోయింది కదా. ఎవరు చైర్మన్, ఎన్నేళ్లు, మిగతావాళ్లకేమిటి, అన్నీ అంశాలవారీగా, ఒకసారికి ఒకటి చొప్పున, అందరి మాటా విని తేల్చుకున్నారు. రాబర్ట్ పుస్తకం అక్షరాలా అమలైన చోటు అదొక్కటే. అంతకుముందు 2020లో, చైర్మన్ ఎన్నిక నాడు తుక్కుగూడలో, నేరేడుచర్లలో ఎక్స్అఫీషియో సభ్యుల తమాషా కూడా చూశాం. వార్డులు ఒకరు గెలుస్తారు, ఎంపీలూ ఎమ్మెల్సీలూ ‘మేమూ ఈ ఊరివాళ్లమే’ అని ఆ ఒక్క పూటకు వచ్చి చేతులెత్తుతారు, కుర్చీ ఇంకొకరికి పోతుంది. ఊరికి కొత్త చుట్టాలు దొరికారని జనం సంతోషించారు. మర్నాటి నుంచి వాళ్లు కనపడలేదు.

స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలకు. ఆ సగాన్ని ఇంటాయన మర్యాదగా తన జేబులో వేసుకున్నాడు. ‘‘మేడం రాలేదా?’’ అంటే ‘‘నేనున్న గద’’ అంటాడు. ఆమె వస్తే వేదిక మీద చివరి కుర్చీ, ఆయనకు ఆమె వెనక కుర్చీ. మైకు ఆమె ముందుంటుంది, మాట వెనక నుంచి వస్తుంది. ఆమెకు అనుభవం లేదంటారు. ఆ అనుభవం లేని ఆవిడను అదే ఊళ్లో, పొదుపు సంఘం మీటింగ్ రోజున చూడండి. వరండాలో పది పన్నెండు మంది గుండ్రంగా కూర్చుంటారు. వేదిక లేదు, చివరి వరుస లేదు. ముందు హాజరు, ఆలస్యమైతే జరిమానా. పొదుపు డబ్బు అందరి ముందూ లెక్కపెట్టి పుస్తకంలో వేస్తారు. ఇక అప్పుల సంగతి. ఒకామెకు కొడుకు కాలేజీ ఫీజుకు కావాలి, ఇంకొకామెకు బర్రెకు. ఉన్న డబ్బు ఒకరికే సరిపోతుంది. ‘‘బర్రె ఎటుపోతది, పైనెలల కొనొచ్చు. ఫీజు తారీఖు ఆగుతదా?’’ అని మూడో ఆమె అంటుంది. బర్రె ఆమె ముఖం ముడుచుకుంటుంది, తన మాట తను చెప్పుకుంటుంది, అందరూ వింటారు, తేలుతుంది. రాసింది చదివి వినిపిస్తారు. అప్పుడు సంతకం. చదవకముందు ఒక్కరూ పెట్టరు, ఎందుకంటే ఆ పుస్తకంలో ఉన్నది వాళ్ల సొంత డబ్బు. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో వాపసు, పుస్తకాల నిర్వహణ: పంచసూత్రాలంటారు వాటిని. సంఘంలో చేరిన ప్రతి మహిళకూ వేళ్ల మీద వచ్చు. లక్షల అప్పు ఎవరికివ్వాలో తేల్చే ఈ మనిషికి మోరీ ఎటు తవ్వాలో తెలియదట. తెలిసిన ఆయన ఆమె వెనక కుర్చీలో ఫోన్ చూసుకుంటున్నాడు.

ఈ గొడవలన్నీ ఎందుకనుకున్నారో ఏమో, ప్రభుత్వమే ఒక పరిష్కారం చూపింది. 2024 ఫిబ్రవరి 2 నుంచి రాష్ట్రంలోని పన్నెండు వేలకు పైగా పంచాయతీల్లో సర్పంచులు లేకుండా పోయారు, ప్రత్యేకాధికారులు వచ్చారు. ఐదేళ్లు నిండేలోపే ఎన్నికలు జరపాలని రాజ్యాంగం అంటుంది. 2025 డిసెంబర్ దాకా జరగలేదు. నడుమ మండల పరిషత్తులూ, తర్వాత మున్సిపాలిటీలూ అదే దారి పట్టాయి. సమావేశాల చరిత్రలో ఇంత పరిపూర్ణమైన కాలం రాలేదు. కోరం ఒకరు. ప్రతిపాదించేది ఆయన, బలపరిచేది ఆయన, కూలంకషంగా చర్చించేది ఆయన, ఏకగ్రీవం. ఆ మాట మినిట్స్‌లో మొదటిసారి నిజమైంది. వాకౌట్ చేయాలన్నా ఆయనే చేయాలి, చేస్తే భోజనానికి. పైగా ఒక్కొక్కరికి రెండు మూడు ఊళ్లు, సొంత ఉద్యోగం అదనం. అదే కాలంలో, 2025 ఆగస్టులో, మానుకోట (మహబూబాబాద్) జిల్లాలో యూరియా కోసం సొసైటీల ముందు తెల్లవారకముందే చెప్పులూ పాసుబుక్కులూ వరుసలో పెట్టారు. ఒక చెప్పు వరుస దాటితే నిలదీయడానికి పదిమంది లేచేవారు. ఆ నెలల్లో పల్లెలో జరిగిన సర్వసభ్య సమావేశం అదే, అధ్యక్షత వహించింది చెప్పులు.

మధ్యలో, 2025 జనవరి 21 నుంచి నాలుగు రోజులు గ్రామసభలు పెట్టారు. రైతు భరోసా, ఇందిరమ్మ ఇళ్లు, రేషన్ కార్డులు, ఆత్మీయ భరోసా. టెంటు వేసి జాబితా చదివారు. పేరు ఉన్నవాళ్లు చప్పట్లు, లేనివాళ్లు కేకలు, మర్నాడు ‘రసాభాస’. జాబితా సభకు వచ్చేముందే తయారైంది. సభ దాన్ని తయారు చేయాలని కదా చట్టం ఉద్దేశం? పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టమంటుంది, పెట్టని సర్పంచ్ కుర్చీకే ఎసరు. అందుకే సభలు ఫొటోల్లో క్రమం తప్పకుండా జరుగుతాయి. బ్యానరు, దాని కింద పద్నాలుగు మంది. బ్యానర్ మీద తేదీ మారుతుంది, పద్నాలుగు మంది మారరు, కొన్నిసార్లు చొక్కాలు కూడా.

తొర్రూరు వాళ్లకు ఆ ఫొటో భాగ్యం కూడా లేదు. 2018 దాకా ఇది గ్రామపంచాయతీ. ఊరివాడు గ్రామసభలో నిలబడి సర్పంచ్‌ను మొహం మీద అడిగే హక్కుండేది. ఆ ఏడు ఆగస్టులో మున్సిపాలిటీ అయింది, పదహారు వార్డులయ్యాయి, బోర్డు మారింది, బల్దియా అనే పెద్దరికం వచ్చింది. గ్రామసభ రాజ్యాంగంలో పల్లెకే ఉంది, పట్నానికి లేదు. పన్ను పెరిగింది, ప్రశ్న పోయింది. దాని బదులు 2019 మున్సిపల్ చట్టం వార్డుకు నాలుగు కమిటీలిచ్చింది. యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులు, ఒక్కో కమిటీకి పదిహేను మంది. వార్డుకు అరవై. పదహారు వార్డులకు 960 మంది సలహాదారులు! ఇంతమంది కలిసి ఆలోచించే పట్టణంలో మోరీ పొంగడం శాస్త్రవిరుద్ధం. మీ వార్డులో ఆ అరవై మంది ఎవరో మీకు తెలిస్తే, బహుశా మీరూ ఆ అరవైలో ఒకరై ఉంటారు.

‘మరి ఏం చేయమంటావ్’ అని ఇంతదాకా ఓపిగ్గా చదివినవాళ్లు అడుగుతారు. కొత్త చట్టాలేమీ అక్కర్లేదు, ఉన్నవే చాలినన్ని ఉన్నాయి. సమాచార హక్కు దరఖాస్తుకు మన దగ్గర గ్రామస్థాయిలో రుసుమే లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు. పోయిన సమావేశం మినిట్స్ పేజీ నకలు కావాలని ఒక కాగితం రాసివ్వండి. నకలు వచ్చాక మీ తీగల ముచ్చట అందులో ఉందో లేదో చూడండి. ఉండదు. అప్పుడు కిందికి దిగి సంతకాల్లో మీ సభ్యుడిది వెతకండి. అది ఉంటుంది, కొంచెం వంకరగా, బహుశా ఎడమ చేత్తో. ఆ నకలు మడిచి జేబులో పెట్టుకుని, ఆయన పొద్దున టీకి వచ్చే హోటల్ దగ్గరికి పోండి. నలుగురు కూర్చున్నప్పుడు బల్ల మీద పరిచి, ‘‘అన్నా, ఈ రోజు నువ్వు ఏం బలపరిచినవే?’’ అని అడగండి. అధ్యక్షుల వారి అనుమతి అక్కర్లేదు. ఆయన ఏమంటాడో అదీ రాసిపెట్టండి, తేదీ వేసి, రెండు సంతకాల నడుమ ఖాళీ లేకుండా.